ఫొటో చూసే యంత్రం సరే, చికిత్సకు దారేది?

మధుమేహం కంటి రెటీనాను నొప్పి తెలియనివ్వకుండానే దెబ్బతీస్తుంది. కంటి ఫొటో చూసి ఈ జబ్బును పసిగట్టేలా గూగుల్ పరిశోధకులు 1,28,175 ఫొటోలతో కంప్యూటర్‌కు శిక్షణనిచ్చి, 2016లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో మన దేశపు మూడు కంటి ఆసుపత్రుల రోగుల ఫొటోలూ ఉన్నాయి.

మన కళ్లను చూసి నేర్చిన విద్య మన పులికాట్ తీరానికి చేరవద్దా? పడవ ఎక్కితే గానీ ఒడ్డు చేరలేని ఇరకం దీవి వాసికి "జబ్బుంది" అని చెప్పి ఊరుకుంటే చాలదు; లేజర్ చికిత్స దాకా తోడుండాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు: బస్తీలోనే కంటి శిబిరం, స్త్రీలను పరీక్షించడానికి మహిళా సిబ్బంది, ఫొటో దేనికి వాడతారో తెలుగు, ఉర్దూలలో వివరించి తీసుకునే అనుమతి. ఇది దయ కాదు, హక్కు. మన వంతుగా, షుగర్ ఉన్న ప్రతి పెద్దను ఏడాదికోసారి కంటి పరీక్షకు తీసుకువెళదాం.