వడపోతలో అసలు మొర పోరాదు

చేతిపంపు పాడైందని, ఉపాధి హామీ కూలి అందలేదని లోకానికి చెప్పుకోవడానికి బస్తర్ గ్రామీణులకు చదువు, అంతర్జాలం అక్కరలేదని 2010లో ఆరంభమైన ‘సీజీనెట్ స్వర’ నిరూపించింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి నెలకొల్పిన ఈ వేదికకు మామూలు ఫోన్ చాలు. మీట నొక్కి తమ మాటను నమోదు చేయవచ్చు. ఇతరుల మాటలు వినవచ్చు.

అందరికీ తెరచిన తలుపు గుండా అక్కరలేనివీ లోనికి వస్తాయి. వ్యాపార ప్రకటనలు, ఆకతాయి పిలుపులు, నిందారోపణలు ఏ బహిరంగ వేదికకూ తప్పవు. అందుకే ఇక్కడ నమోదైన మాట నేరుగా ప్రసారం కాదు. పరిశీలకులు విన్న తరువాతే విడుదలవుతుంది. ఇది శ్రమతో కూడిన పని. రాతలోని చెత్తను చూపుతోనే పసిగట్టవచ్చు. మాటను మాత్రం వినక తప్పదు.

ఈ భారాన్ని పూర్తిగా యంత్రానికి అప్పగించవచ్చునా? యాంత్రిక వడపోత, మనుషులు మునుపు మంచి, చెడు అని వేరు చేసిన నమూనాల నుండి నేర్చుకుంటుంది. ఇంగ్లీషులో వాటికి కొదవ లేదు. 2011 జనగణన ప్రకారం దాదాపు 30 లక్షల మందికి మాతృభాష అయిన గోండీలో అవి బహు స్వల్పం. పైగా బస్తర్ గోండీ, ఆదిలాబాద్ గోండీ ఒక్క తీరున ఉండవు. తనకు తెలియని పలుకుబడిని యంత్రం చెత్తగా లెక్కగట్టే ప్రమాదం ఉంది.

అలాగని వడపోతే వద్దనలేము. మావోయిస్టులకు, భద్రతా దళాలకు నడుమ దశాబ్దాలుగా నలిగిన ప్రాంతంలో ఒకరిపై మోపిన అబద్ధం ప్రాణాల మీదికి తేవచ్చు. నిజమైన మొర అణగిపోతే ఒక ఊరికి నీరే అందకపోవచ్చు.

కనుక పని విభజన అవసరం. ఒకే సంఖ్య నుండి వెల్లువెత్తే పిలుపులను, మాట లేని నమోదులను, మార్పు లేకుండా తిరిగివచ్చే ధ్వనులను గుర్తించడానికి భాషాజ్ఞానం అక్కరలేదు. అంతవరకు యంత్రం చాలు. అర్థం తేల్చవలసింది ఆ భాష ఎరిగిన మనిషే. ఆ మనిషి అధికారానికీ హద్దు ఉండాలి. తిరస్కరిస్తే కారణాన్ని ఫిర్యాదుదారు భాషలోనే తెలపాలి. మళ్లీ చెప్పుకునే వీలు కల్పించాలి.

ఆదిలాబాద్‌లో గోండీ, గోదావరి మన్యంలో కోయ మాట్లాడేవారున్న తెలుగు రాష్ట్రాలకూ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదుల స్వీకరణను యంత్రాలకు అప్పగించే ముందు, ఆ భాషలు వినగలవారిని నియమించుకోవడం ప్రభుత్వాల తొలి కర్తవ్యం.