ఈశాన్యం సరే, గాలి సంగతేమిటి?

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు కట్టే టవర్లకు ఇప్పుడు ఆకారమే సరుకు. ఒకటి ఎల్ ఆకారం, ఇంకొకటి వై, మరొకటి పైకి పోయేకొద్దీ మెలి తిరుగుతుంది. బ్రోషర్‌లో క్లబ్‌హౌస్ ఎన్ని చదరపు అడుగులో ఉంటుంది. ఆ ఆకారం గాలికి తట్టుకుంటుందో లేదో పరీక్షించారా అన్నది మాత్రం ఉండదు.

గాలి బిల్డింగును వెనక్కి నెడుతుందనే మన లెక్క. బాగా ఎత్తయిన వాటికి అసలు బెడద పక్క ఊపు. రెండు పక్కలా చీలిపోయే గాలి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడులు వదులుతుంది. ఆ లయ బిల్డింగు సహజంగా ఊగే లయతో కలిసిందా, ఊయలను అదను చూసి తోసినట్టే. ఎల్ ఆకారానికి ఇంకో తంటా: లోపలి మూలలో గాలి చిక్కుకుని, ఒక రెక్క మీద ఒత్తిడి ఎక్కువై కట్టడమంతా మెలిపడుతుంది. రెక్క కొసన ఉన్న ఫ్లాటువాళ్లకే అది ఎక్కువ తెలుస్తుంది.

వింత ఆకారం తప్పని కాదు. తైపీ 101 మూలలను మెట్లు మెట్లుగా చెక్కితే గాలి భారం దాదాపు పాతిక శాతం తగ్గింది. అదీ చాలక పైన 660 టన్నుల ఉక్కు గోళం వేలాడదీశారు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పైకి వెళ్లేకొద్దీ వెడల్పు మారుతూ పోతుంది కాబట్టి సుడులన్నీ ఏకమై తోయలేవు. చూసేవాళ్లకు అది అందమే కానీ, నిజానికి నమూనాలను మళ్లీ మళ్లీ గాలికి పెట్టి సాధించిన రూపం.

గాలి భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్ల గాలి వేగం లెక్కగట్టమంటుంది. అందులోని పట్టికలు ఎక్కువగా సాదా ఆకారాలకే. మెలికలు తిరిగిన టవరుకు విండ్ టన్నెలే గతి. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఎస్ఈఆర్‌సీలో అలాంటిది ఉంది. తిరిగే బల్ల మీద బుల్లి టవరు, దాని ఒంటినిండా ఒత్తిడి కొలిచే సన్న రంధ్రాలు, చుట్టూ పొరుగు టవర్ల బొమ్మలు. ఆ పొరుగు బొమ్మలే కీలకం. పక్క ప్లాటులో లేచే టవరు మీ టవరుకు తగిలే గాలినే మార్చేస్తుంది. కోకాపేటలో పక్క ప్లాటు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది?

కోట్లు పోసి కొనేవాళ్లు ఈశాన్యం పెరిగిందా అని అడుగుతారు. విండ్ టన్నెల్ రిపోర్టు అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే రెరా వెబ్‌సైట్‌లో ఫ్లోర్ ప్లాన్ పక్కనే ఆ రిపోర్టూ పెట్టించాలి. పరీక్షలో ఏయే పొరుగు టవర్లను లెక్కలోకి తీసుకున్నారో, పెనుగాలికి పై అంతస్తు ఎంత ఊగుతుందో రెండు ముక్కల్లో తెలుగులో రాస్తే చాలు.