జార్ ఫైల్ లోపల ఏముందో చూశారా?

ఎక్కడో దొరికిన కోడ్ పేస్ట్ చేశారు. 'కెనాట్ ఫైండ్ సింబల్' అని ఎర్రర్ వచ్చింది. ఏం చేస్తారు? ఇంకో కోడ్ వెతుకుతారు, లేదంటే ఏఐని అడుగుతారు. కానీ జవాబు మీ కంప్యూటర్‌లోనే ఉంది.

జేడీకేతో పాటే జావాపీ అనే చిన్న టూల్ వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు కొట్టి, పక్కన ప్యాకేజీతో సహా క్లాస్ పేరు ఇవ్వండి. సోర్స్ కోడ్ లేకపోయినా సరే, కంపైల్ అయిన క్లాస్‌లో మనం వాడుకోగల మెథడ్లు, వాటికి ఇవ్వాల్సిన టైపులు, రిటర్న్ టైపు వరసగా కనబడతాయి. బయటి జార్ అయితే క్లాస్‌పాత్‌లో చేర్చాలి, అంతే.

స్ట్రింగ్ క్లాస్‌నే తీసుకోండి. అందులో 'ఈజ్‌బ్లాంక్' మెథడ్ జావా 11లో వచ్చింది. మీ ల్యాబ్‌లో జావా 8 ఉంటే ఆ లిస్టులో అది ఉండదు. చిక్కు మీ లాజిక్‌లో కాదు, వెర్షన్‌లో ఉందని నిమిషంలో తేలిపోతుంది. ఒక వెర్షన్‌తో కంపైల్ చేసి ఇంకోదానిపై రన్ చేస్తే వచ్చే 'నో సచ్ మెథడ్ ఎర్రర్' గుట్టు కూడా చాలాసార్లు ఇదే.

అయితే దీనికీ హద్దుంది. మెథడ్ ఉందని చెబుతుంది గానీ, నల్ పంపితే ఏమవుతుందో చెప్పదు. దానికి డాక్యుమెంటేషన్ చదవాల్సిందే.

ఇంటర్వ్యూలో 'ఈ ఎర్రర్ వస్తే ఏం చేస్తావ్?' అని అడిగితే 'గూగుల్ చేస్తా' అని ఎవరైనా అంటారు. 'ముందు ఆ లైబ్రరీలో మెథడ్ ఉందో లేదో చూస్తా' అనగలిగితే మీ మాటకు బరువుంటుంది. రెజ్యూమెలో జావా అని రాసుకున్నారా? అయితే ఈ రోజే స్ట్రింగ్ క్లాస్‌తో మొదలుపెట్టండి.