అనాతోతు పొలం, మన ఊరి ప్లాటు

యెరూషలేమును బబులోను సైన్యం ముట్టడించిన రోజులవి. యిర్మీయా ప్రవక్త రాజుగారి చెరసాల ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. అలాంటి సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. అది దేవుడు ముందే తెలియజేసిన సంగతి గనుక యిర్మీయా ఒప్పుకున్నాడు. అయితే దేవుడే చెప్పాడు గదా అని డబ్బు చేతిలోపెట్టి ఊరుకోలేదు. క్రయపత్రం రాయించి సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సాక్షులను పిలిపించాడు, 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. ముద్ర వేసిన పత్రాన్నీ, ముద్ర లేని దాన్నీ మట్టికుండలో భద్రం చేయమని బారూకుకు అప్పగించాడు (యిర్మీయా 32:9–14). అమ్మేది రక్తసంబంధి, కొనమన్నది దేవుడు. అయినా కాగితం కాగితమే!

మార్కాపురం జిల్లా ఏర్పాటుకు 2025 నవంబరులో ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. ‘జిల్లా వచ్చేసింది, రేపు ఈ రేటు ఉండదు, సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వండి’ అని మధ్యవర్తి తొందరపెడితే యర్రగొండపాలెంలో ఏ తండ్రికైనా గుండె దడదడలాడుతుంది. హైదరాబాదులో, బెంగళూరులో పిల్లలు రెక్కలు ముక్కలు చేసుకుని పంపిన డబ్బది. ఇలాంటి తొందర మన ప్రాంతానికి కొత్త కాదు. 2014లో దొనకొండ రాజధాని అవుతుందన్న ప్రచారంతో అక్కడి భూముల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ ఏడాది సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లో అని శాసనసభలో ప్రకటన వెలువడింది. మాట నమ్మి కొన్నవారికి పొలమే మిగిలింది, అప్పు కూడా!

విశ్వాసులకు మరో శోధన ఉంది. అమ్మేవాడు మన సంఘస్థుడే, ఆదివారం పక్కన కూర్చునేవాడే. కాగితాలు అడిగితే అవిశ్వాసమనుకుంటాడేమోనని మొహమాటం. పైగా ‘ప్రార్థన చేశాను బ్రదర్, ఇది మీకోసమే’ అంటాడు. అబ్రాహాముకు ఎఫ్రోను పొలాన్ని ఊరికే ఇస్తానన్నా, ఆయన 400 తులాల వెండి తూచి, గుహతో, హద్దుల్లోని చెట్లతో సహా ఊరి గుమ్మం దగ్గర అందరి ఎదుట తన పేర స్థిరపరచుకున్నాడు (ఆది 23). ఎఫ్రోనేమీ నొచ్చుకోలేదు.

కనుక సంకోచించకుండా అడగాలి. లింకు దస్తావేజులు, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ, వారసులందరి సంతకాలు చూడాలి. అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం అడ్డొస్తుంది. 2023లో సవరణ వచ్చినా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో తెలుసుకున్నాకే అడ్వాన్సు. నల్లమల అంచు గ్రామాల్లో అటవీ హద్దు కూడా చూసుకోవాలి. లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటితే 2016 రెరా చట్టం కింద నమోదు ఉండాలి. అన్నిటికన్నా ముందు నీళ్లు! బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలంలో ట్యాంకరు ఎన్ని రోజులకోసారి, ఫ్లోరైడు ఎంత అని పక్కింటి అమ్మను అడిగితే బ్రోచరులో లేని సంగతులన్నీ చెబుతుంది.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కేసుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28). లెక్క వేద్దాం. 20 లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు దాదాపు 18 వేలు, మొత్తం 43 లక్షలకు పైనే. రిజిస్ట్రేషనుకు విలువలో ఏడున్నర శాతం వేరే. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఈ అప్పు చేస్తే తీరేసరికి అరవై ఎనిమిది! ఈ లెక్క భార్యకు తెలియకుండా వేసే భర్తలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు.

ఇల్లు లేనివాడు ఒక ఇల్లు కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఇల్లు ఉండి, రెండు ప్లాట్లు ఉండి, మూడోదానికి బేరమాడేవాడి సంగతే వేరు. అతడు పెంచిన ధర పాకలో ఉన్న తోటి విశ్వాసి నెత్తిన పడుతుంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవారికి శ్రమ అని యెషయా ప్రకటించాడు (5:8). స్థలాల ధరలు పెరిగే రోజుల్లో ఈ వాక్యం మీద ప్రసంగం వినబడటం అరుదు.