పోలీసు కప్పుల వెనుక కళాశాల మైదానం

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో బొంబాయి రోవర్స్ కప్పునూ, ఢిల్లీ డ్యూరాండ్ కప్పునూ గెలుచుకొని, ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదేళ్లపాటు రోవర్స్ కప్పును చేజారనివ్వకుండా నిలబెట్టుకున్న కాలాన్ని నగర ఫుట్‌బాల్ స్వర్ణయుగంగా చెప్పుకోవడం పరిపాటి. 1888లో మొదలైన డ్యూరాండ్, 1891లో మొదలైన రోవర్స్ తొలి దశాబ్దాలలో బ్రిటిష్ సైనిక పటాలాలు తమలో తాము ఆడుకున్న పోటీలు. అటువంటి పోటీలలో స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకే దక్కనుకు చెందిన ఒక పోలీసు జట్టు కలకత్తా దిగ్గజం మోహన్‌బగాన్‌ను డ్యూరాండ్ ఫైనల్‌లో ఓడించడం సామాన్య విషయం కాదు. అయితే ఆ విజయాల ఖ్యాతి అంతా పోలీసు శాఖ ఖాతాలోనే జమ కావడం వల్ల, ఆ జట్టుకు ఆటనూ ఆలోచననూ ఇచ్చిన పాఠశాల, కళాశాల మైదానాల చరిత్ర మరుగున పడిపోయింది.

ఆ జట్టును 1950 నుంచి తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం పోలీసు అధికారి కాదు, బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి ఆడిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఆడిన ఆయన, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. ఆ రోజుల్లో నగరంలో పోలీసు జట్టుతో పాటు మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీ పూర్వవిద్యార్థుల జట్టు ‘సిటీ కాలేజీ ఓల్డ్ బాయ్స్’ కూడా పేరున్న జట్టే. చదువు ముగిసినా ఆట ఆగిపోకుండా, కళాశాల పేరు మీదనే లీగ్ పోటీలలో కొనసాగేందుకు వీలు కల్పించడమే ఇటువంటి పూర్వవిద్యార్థుల జట్ల ప్రత్యేకత. రహీం కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్స్ బృందంలో సభ్యుడైన సయ్యద్ షాహిద్ హకీం సైతం ఆ ఓల్డ్ బాయ్స్ జట్టు తరఫున ఆడినవాడే.

రహీం పద్ధతిలో బోధకుడి బుద్ధి ఎంతగా పనిచేసిందో ఆయన కుర్రవాళ్లకు పెట్టిన పోటీలను దగ్గరగా పరిశీలిస్తే తెలుస్తుంది. వాటిలో ఒకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. పుట్టుకతో కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు ఎడమకాలితో బంతిని తన్నాలంటే, ముందు కుడికాలిని బంతి పక్కన నిలిపి, శరీరభారమంతా దానిమీద వేసి, ఎడమ చీలమండను బిగించి పట్టడం నేర్చుకోవాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, అడుగు తడబడుతుంది, కానీ తప్పించుకునే దారి లేకపోవడం వల్ల కొన్నాళ్లకు రెండో కాలు కూడా స్వాధీనంలోకి వస్తుంది. మరొకటి డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీ. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాళ్ల మధ్యనే ఉంచుకొని ప్రత్యర్థులను ఏమార్చుతూ ముందుకు సాగడం. దానిని నిషేధించినప్పుడు, బంతి తన దగ్గరకు రాకముందే దానిని ఎవరికి పంపాలో ఆటగాడు తేల్చుకొని ఉండాలి. కాలికి ఇచ్చే శిక్షణలా కనిపించే ఈ పోటీ నిజానికి కంటికీ మెదడుకూ ఇచ్చే శిక్షణ. దీనికి ఖరీదైన సామగ్రి అక్కర లేదు, నియమాన్ని మార్చి ఆలోచించగల ఉపాధ్యాయుడు ఉంటే చాలు.

ఈ బోధన ఫలితం నగరానికే పరిమితం కాలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయిన భారత జట్టు, నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో రహీం శిక్షణలో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ బృందంలో హైదరాబాద్ ఆటగాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత జట్టు స్వర్ణం తెచ్చిన మరుసటి ఏడాదే రహీం కన్నుమూశాడు.

ఆ తరువాత నగర ఫుట్‌బాల్ క్షీణించడానికి క్రికెట్టే కారణమని చెప్పడం తేలిక, కానీ సరి కాదు. ఈ నగరానికే చెందిన గులాం అహ్మద్ భారత క్రికెట్ జట్టుకు ఆడుతున్న రోజుల్లోనే సిటీ పోలీస్ కప్పులు గెలిచింది. మరో హైదరాబాదీ జయసింహ టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టాక కూడా, 1961లో, అదే పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్లీ డ్యూరాండ్ సాధించింది. రెండు ఆటలకూ ఒకే నగరంలో చోటు దొరికింది. తెగిపోయింది వేరొకటి: బడి మైదానం నుంచి కళాశాల జట్టుకు, అక్కడినుంచి పూర్వవిద్యార్థుల జట్టుకు, ఆపైన పోలీసు వంటి సంస్థలో ఉద్యోగానికి కుర్రవాణ్ణి చేర్చిన దారి. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నగరం సంతోషించిన మాట నిజమే, కానీ ఒక వృత్తిపరమైన క్లబ్బు కప్పు గెలిచినంత మాత్రాన తెగిన దారి అతుక్కోదు.

ఉస్మానియా ప్రాంగణానికి తూర్పున, ఉప్పల్ దాటి బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి మీదుగా ఘట్‌కేసర్ వైపు సాగే వరంగల్ రహదారి పొడవునా ఇప్పుడు కళాశాలలు వెలిశాయి. వాటికి జట్లు లేవని కాదు. జట్టు అంటే అంతర్ కళాశాల పోటీలకు ముందు ఎంపికలు జరిపి, పోటీలు కాగానే చెదరగొట్టే బృందంగా మిగిలిపోతే, నాలుగేళ్ల చదువు పూర్తయ్యేసరికి ఆటగాడూ ఆటా విడిపోతారు. ఈ ప్రాంతపు కళాశాలలు తమ పూర్వవిద్యార్థుల పేరిట జట్లు నిలిపి, వానలు తగ్గిన తరువాత కొన్ని వారాల పాటు సాగే చిన్న లీగ్ ఒకటి ఏర్పాటు చేసుకోవాలి; సాయంత్రాలు తమ మైదానాలను చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలకు తెరిచి, మొదటి ఏడాది ఆ పిల్లలకు రహీం పెట్టిన బలహీనమైన కాలి పోటీ పెట్టాలి. దానితో పాటు ఉస్మానియా వ్యాయామ విద్యా విభాగం, సిటీ కాలేజీ కలిసి పాత వార్షిక సంచికలలో, జట్ల ఛాయాచిత్రాల వెనుక రాసిన పేర్లలో మిగిలి ఉన్న కళాశాల సీజన్ల చరిత్రను సేకరించే పని మొదలుపెట్టాలి. ఆ తరం ఆటగాళ్లలో బలరాం 2023లో, హకీం 2021లో కన్నుమూశారు కనుక, ఈ పనిని మరో ఏడాదికి వాయిదా వేయడం తగదు.