పాత ఇల్లు అమ్మే ముందు లెక్క అడుగు!

ఉప్పల్, నాచారం పాత బస్తీల్లో దలాలీలు తిరుగుతున్నరు. పాత ఇల్లు అగ్గువకు కొనుడు, బండలు మార్చి రంగులేసుడు, మళ్ళీ పిరంగా అమ్ముడు. ఈ వ్యాపారం తప్పని అనటం లేదు. అందులో పుట్టే లాభం ఎవరిదన్నదే ప్రశ్న.

2005లో ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ క్రికెట్ మొదలైంది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు నడిచింది. రైతుల దగ్గర తీసుకున్న ఉప్పల్ భగాయత్ భూముల్లో ప్లాట్లు చేసి, 2019లో హెచ్‌ఎండీఏ వేలం వేసింది. ధర పెంచింది రంగు డబ్బా కాదు. సర్కారు సొమ్ము, రైతు భూమి, కూలీ చెమట. మరి అందులో పాత ఇంటాయన వాటా ఏది?

తెలివిగా కొనేటోడు గోడ కన్న ముందు బస్తీని చూస్తడు. మెట్రోకు నడిచి పోవచ్చా? సందులకు బండి వస్తదా? నాచారం కంపెనీల్లో పనిచేసేటోళ్ళు కిరాయికి వస్తరా? వానకు నీళ్ళు నిలుస్తయా? 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్, హబ్సిగూడల్లో ఇండ్లు మునిగినయి. గోడ మీది ఆ మరక రంగేస్తే కనపడదు. మనోళ్ళు కొనేటప్పుడు పక్కింటోళ్ళను అడిగి కొనాలె. అమ్మేటప్పుడు ఈ లెక్కలన్నీ మనమే ముందు వేసుకోవాలె.

అన్నిటికన్న పెద్ద లెక్క కాగితం. పేదలకిచ్చిన అసైన్డ్ జాగల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. నోటరీ కాగితం రాసుకుంటే అది చట్టం కాదు. ‘కాగితం లేదు గదా’ అని బెదిరించే ధర తగ్గిస్తరు. సర్కారు జాగల ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాక ఉచితంగా హక్కు ఇయ్యటానికి 2014 డిసెంబరులో 58వ నంబరు జీవో వచ్చింది. ఆ పత్రం చేతిలో ఉన్నోని మాటకు, లేనోని మాటకు బేరంలో ఎంత తేడా!

అక్కలారా, అన్నలారా! ఇల్లు అమ్మి ఘట్‌కేసర్ అవతలికి పోతే పనికి రావటానికి రోజూ దూరం ప్రయాణం. కొత్త కాలనీల కిరాయికి అడిగితే ‘మీరేం కులం?’ అన్న ప్రశ్న. మన వాడలో ఆ ప్రశ్న లేదు. ఆ విలువ ఏ దలాలీ లెక్క కట్టడు.

సంఘాలు వాడవాడకు ఇంటింటి కాగితాల పట్టిక రాయాలె. ఒక్కడే బేరానికి కూసోవద్దు. చేతనైతే మనమే బాగుచేసుకొని ఒక అర్ర కిరాయికిద్దాం. అమ్మక తప్పకపోతే, నలుగురిలో, లెక్క తెలిసే అమ్ముదాం!