అభిమానం చేతిపనిగా మారితే.. హక్కు ఎవరిది?

* పాత ధారావాహికల స్ఫూర్తితో బొమ్మలు, అల్లికలు, నాటికలు
* ఇష్టానికి, వ్యాపారానికి నడుమ గీత ఎక్కడ?
* చట్టం ఇచ్చిన వెసులుబాటుపై కొరవడిన అవగాహన

ధర్మవరం: టెలివిజన్ ధారావాహిక చివరి భాగం ప్రసారమైన నాటితో దానిపై అభిమానం ముగిసిపోదు. నచ్చిన పాత్రను కొందరు కాగితంపై గీస్తారు, కొందరు మట్టితో మలుస్తారు, మరికొందరు ఆ వేషం కట్టి రంగస్థలం ఎక్కుతారు. చూసి ఆనందించడం మొదటి మెట్టు అయితే, చూసిన దాన్ని తన చేతితో తిరిగి సృష్టించుకోవడం రెండో మెట్టు. ఈ రెండో మెట్టు వద్దే చిక్కుప్రశ్న ఎదురవుతోంది. పాత్ర నిర్మాతది, పని అభిమానిది. మరి తయారైన వస్తువుపై హక్కు ఎవరిది? నగరాలకే పరిమితమని భావించిన ఈ ప్రశ్న సెల్‌ఫోను పుణ్యమా అని పల్లెలకూ చేరింది. మనుమరాలు గీసిన బొమ్మ, ఊరి కుర్రాళ్లు ఆడిన నాటిక క్షణాల్లో ప్రపంచం ముందుకు వెళుతున్న నేపథ్యంలో దీనిని పరిశీలించాల్సిన అవసరం ఏర్పడింది.

ఆదివారం ఉదయం నుంచి లాక్‌డౌన్ వరకు

రామానంద్ సాగర్ నిర్మించిన 'రామాయణ్' ధారావాహిక దూరదర్శన్‌లో 1987 జనవరి 25న ప్రారంభమై 1988 జులై 31 వరకు 78 భాగాలుగా ప్రసారమైంది. ఆ వెంటనే అదే ఏడాది అక్టోబరులో బి.ఆర్.చోప్రా 'మహాభారత్' మొదలై 1990 జూన్ వరకు సాగింది. ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజులవి. హిందీ అర్థం కాకపోయినా కథ తెలిసిన కథే కావడంతో తెలుగు పల్లెల్లోనూ ఆ పాత్రలు ఇంటి మనుషులయ్యాయి. 2020లో కరోనా కట్టడికి లాక్‌డౌన్ విధించినప్పుడు మార్చి 28 నుంచి 'రామాయణ్' పునఃప్రసారమైంది. ఆ ఏడాది ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది తిలకించారని దూరదర్శన్ ప్రకటించింది. ఆ లెక్కపై భిన్నాభిప్రాయాలు వ్యక్తమైనా, మూడు దశాబ్దాల తర్వాత కూడా ఆదరణ తగ్గలేదన్నది కాదనలేని వాస్తవం.

ఇక్కడ తెలుగువారు గుర్తించాల్సిన విషయం ఒకటుంది. ఆ ధారావాహికకు ఆధారంగా పేర్కొన్న గ్రంథాల్లో వాల్మీకి, తులసీదాసు, కంబ రామాయణాలతో పాటు మన శ్రీ రంగనాథ రామాయణం కూడా ఉంది. పదమూడో శతాబ్దపు గోన బుద్ధారెడ్డి పేరిట ప్రసిద్ధమైన ఈ ద్విపద కావ్యమే మన తోలుబొమ్మలాట కళాకారులకూ శతాబ్దాలుగా పాఠ్యగ్రంథం. అంటే బుల్లితెర, తోలుబొమ్మల తెర ఒకే బావి నీరు తోడుకున్నాయన్నమాట. హక్కుల చర్చలో ఈ అంశమే కీలకం కానుంది.

విదేశాల్లో ఎప్పుడో మొదలైన పోరు

అభిమానుల వ్యాపకాలపై వివాదం మనకు కొత్త కావచ్చు గానీ బ్రిటన్, అమెరికాలకు పాతదే. బీబీసీ 1963లో ప్రారంభించిన 'డాక్టర్ హూ' ధారావాహికనే తీసుకుందాం. 1974లో ప్రధాన పాత్రధారిగా వచ్చిన టామ్ బేకర్ మెడలో రంగురంగుల పొడవాటి ఊలు మఫ్లరు కనిపించింది. దుస్తుల రూపకర్త రంగుల ఎంపిక కోసం కావాల్సిన దానికంటే ఎక్కువ ఊలు పంపగా, అల్లిన మహిళ మొత్తం ఊలునూ వాడేయడంతో అది అంత పొడవైందని ప్రతీతి. ఆ పొడవే దానికి అందమైంది. నాటి నుంచి నేటి వరకు అభిమానులు గళ్ల లెక్క, రంగుల వరుస తప్పకుండా అదే మఫ్లరును ఇళ్లలో అల్లుకుంటూనే ఉన్నారు.

2008లో ఇదే ధారావాహిక విషయంలో పేచీ తలెత్తింది. అందులోని వింత జీవుల బొమ్మలను ఊలుతో ఎలా అల్లాలో వివరిస్తూ ఓ బ్రిటన్ అభిమాని ఇంటర్నెట్‌లో ఉచితంగా నమూనాలు ఉంచారు. వాటిని చూసి అల్లిన బొమ్మలను వేరెవరో వేలం వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టారు. దీంతో ఆ నమూనాలను తొలగించాలని బీబీసీ కోరింది. ఉచితంగా పంచిన వారు ఒకరు, సొమ్ము చేసుకున్న వారు మరొకరు. తాఖీదు మాత్రం మొదటివారికే అందింది. అల్లికలు చేసేవారిలో దీనిపై పెద్ద చర్చే నడిచింది.

అదే బీబీసీకి అభిమానులు చేసిన మేలు కూడా చిన్నది కాదు. 1960ల నాటి అనేక భాగాల టేపులను సంస్థే చెరిపివేసింది. టేపులు ఖరీదైనవి, పునఃప్రసారానికి అవకాశం తక్కువ, దాచే చోటు లేదన్నవి నాటి కారణాలు. అయితే ఆ రోజుల్లోనే కొందరు యువ అభిమానులు టీవీ ముందు టేపురికార్డరు పెట్టి ధ్వనిని భద్రపరిచారు. దృశ్యం పోయిన ప్రతి భాగానికీ ధ్వని మిగిలిందంటే అది వారి చలవే. తర్వాతి కాలంలో ఆ ధ్వనికి యానిమేషన్ బొమ్మలు జోడించి కొన్ని కథలను మళ్లీ విడుదల చేయగలిగారు. నియమం ప్రకారం చూస్తే ఆ రికార్డింగులు అనుమతి లేనివి. ఫలితం చూస్తే సంస్థ పోగొట్టుకున్న ఆస్తిని కాపాడినవి.

అమెరికాలో 1966 నుంచి 1969 వరకు ప్రసారమైన 'స్టార్ ట్రెక్' అభిమానులు మరో అడుగు ముందుకు వేశారు. 1967లోనే సొంత పత్రిక అచ్చువేసి కథలు, వ్యాసాలు రాసుకున్నారు. తర్వాత సొంతంగా చిత్రాలు తీయడం మొదలుపెట్టారు. అందులో ఒక బృందం ప్రజల నుంచి పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించడంతో 2015 డిసెంబరులో పారామౌంట్, సీబీఎస్ సంస్థలు కోర్టుకెక్కాయి. 2017 జనవరిలో రాజీతో వ్యాజ్యం ముగిసింది. ఈ లోగా 2016 జూన్‌లో ఆ సంస్థలు మార్గదర్శకాలు వెలువరించాయి. ఒక కథ 15 నిమిషాలు మించరాదు, రెండు భాగాలైతే మొత్తం అరగంట. విరాళాలు 50 వేల డాలర్లు దాటరాదు. పనిచేసేవారంతా జీతం తీసుకోని ఔత్సాహికులై ఉండాలి. షరతులు కఠినమని అభిమానులు నిరసించినా, గీత ఎక్కడుందో మాత్రం అందరికీ తెలిసింది.

మన చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం అమలులో ఉంది. సినిమా, ధారావాహిక వంటి దృశ్య రచనలపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు కొనసాగుతుంది. ఆ లెక్కన 1987లో ప్రసారమైన 'రామాయణ్' భాగాలపై 2047 చివరి వరకు, 1988 భాగాలపై 2048 చివరి వరకు రక్షణ ఉంటుంది. పాటల లెక్క వేరు. రచయిత, స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడవాలి. సంగీతం సమకూర్చిన రవీంద్ర జైన్ 2015లో కన్నుమూశారు గనుక ఆయన బాణీలపై హక్కు 2075 వరకు నిలుస్తుంది.

అయితే అదే చట్టం సామాన్యుడికీ తలుపులు తెరిచింది. సొంత వినియోగం కోసం చేసుకునే న్యాయమైన వాడకం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. ఇంట్లో గోడకు తగిలించుకునే బొమ్మ గీస్తే అడిగేవారుండరు. ఔత్సాహిక నాటక సమాజాలు టికెట్టు లేకుండా ప్రేక్షకుల ముందు సాహిత్య, నాటక, సంగీత రచనలను ప్రదర్శించినా, ధార్మిక సంస్థ ప్రయోజనార్థం ప్రదర్శించినా తప్పు కాదని అదే సెక్షన్ స్పష్టం చేస్తోంది. శ్రీరామనవమి పందిరిలో పద్యనాటకం ఆడే ఊరి బృందాలకు ఇది పెద్ద ఊరట. ఈ సంగతి ఆ బృందాల్లో ఎందరికి తెలుసన్నదే ప్రశ్న.

మరో ముఖ్యమైన ఆధారం 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆర్.జి.ఆనంద్, డీలక్స్ ఫిల్మ్స్ కేసులో ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక, పౌరాణిక విషయాలకు కాపీరైటు ఉండదని, వాటిని వ్యక్తీకరించిన తీరుకే ఉంటుందని న్యాయస్థానం తేల్చింది. దీని అర్థం సుస్పష్టం. రాముడు ఎవరి సొత్తూ కాదు. ధారావాహికలోని సంభాషణ, నేపథ్య సంగీతం, దృశ్యం, పేరు వేసిన తీరు మాత్రం నిర్మాతవి. కొండపల్లి కొయ్యతో హనుమంతుణ్ణి చెక్కితే అది చెక్కినవారిది. తెరమీది దృశ్యాన్ని యథాతథంగా అచ్చొత్తి సంతలో అమ్మితే అది వేరొకరి సొమ్ము.

నిమ్మలకుంట నేర్పే పాఠం

ఈ వివేచన ఎంత అవసరమో శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట చూస్తే అర్థమవుతుంది. ఒకప్పుడు రాత్రి తెల్లవార్లూ రామాయణ, భారత గాథలు ఆడిన తోలుబొమ్మలాట కుటుంబాల గ్రామమిది. సినిమా, టీవీ రాకతో ఆటకు పిలిచేవారు తగ్గిపోయారు. దాంతో అదే మేకతోలుపై అవే రంగులతో దీపాల గుమ్మటాలు, గోడకు వేలాడదీసే చిత్రాలు చేయడం మొదలుపెట్టి కళాకారులు నిలదొక్కుకున్నారు. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావును 2020లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీకి ఎంపిక చేసింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

టీవీ వల్ల ప్రేక్షకులను కోల్పోయిన కళ, టీవీని అనుకరించకుండా తన రూపాన్ని తానే మార్చుకుని బతికింది. నిమ్మలకుంట రాముడు బుల్లితెర రాముడిలా ఉండడు. పెద్ద కన్ను, పక్కకు తిరిగిన ముఖం, వెలుగు దూరేలా పొడిచిన సన్నని రంధ్రాల నగలు అతడివి. కొనేవారు వెతుక్కుంటూ వచ్చేది ఆ తేడా కోసమే. ధారావాహికపై మక్కువతో బొమ్మలు మొదలుపెట్టే యువత గ్రహించాల్సింది ఇదే. అనుకరణ నేర్చుకోవడానికి పనికొస్తుంది, పేరు తేవడానికి పనికిరాదు.

పొరుగు రాష్ట్రంలో మరో దారి కనిపిస్తోంది. ఆర్.కె.నారాయణ్ కథల ఆధారంగా శంకర్ నాగ్ దర్శకత్వంలో 1980లలో వచ్చిన 'మాల్గుడి డేస్' చిత్రీకరణకు వేదికైన ప్రాంతాల్లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా అరసాళు రైల్వేస్టేషన్ ఒకటి. అక్కడి పాత భవనాన్ని రైల్వేశాఖ బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చింది. అభిమానాన్ని అడ్డుకోవడానికి బదులు దానికో చిరునామా ఇవ్వడమన్నమాట. ఆ ధారావాహికలో ఆర్.కె.లక్ష్మణ్ గీసిన రేఖాచిత్రాలు చూసి పెన్ను పట్టినవారు, ఎల్.వైద్యనాథన్ బాణీని వేణువుపై పలికించాలని ప్రయత్నించినవారు ఆ తరంలో ఎందరో.

ఎవరు ఏం చేయాలి?

చట్టం కంటే ముందు ఇబ్బంది పెడుతున్నది అయోమయం. వీడియో వెబ్‌సైట్లలో హక్కుల గుర్తింపు యంత్రాలకే అప్పగించారు. యంత్రానికి రాగం తెలుస్తుంది గానీ ఉద్దేశం తెలియదు. పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు ఆడిన నృత్యం వెనుక అసలు పాట వినిపిస్తే అది వ్యాపారమా, వేడుకా అన్నది దానికి పట్టదు. మొదటి హెచ్చరికకే భయపడి మానుకునే గ్రామీణ విద్యార్థికి అభ్యంతరం చెప్పుకునే మార్గం ఉందని చెప్పేవారు కరవు.

నిర్మాణ సంస్థలు 'స్టార్ ట్రెక్' తరహాలో ఏది అనుమతి, ఏది నిషిద్ధమో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో రెండు పేజీల్లో ప్రకటిస్తే సగం తగవులు తీరతాయి. అమ్మనంత వరకు అనుమతి, అమ్మితే వాటా అన్న సరళ సూత్రం చాలు. విద్యాశాఖ చేతిపనుల పోటీలు నిర్వహించేటప్పుడు అనుకరణకు, సృజనకు తేడాను పిల్లలకు వివరించాలి. దూరదర్శన్ తన భాండాగారంలోని పాత తెలుగు కార్యక్రమాలను ప్రజలకు మరింత అందుబాటులోకి తేవాలి. ఎక్కడైనా ఇళ్లలో పాత క్యాసెట్లు మిగిలి ఉంటే వాటిని స్వీకరించే ఏర్పాటూ అవసరం. చెరిపేసిన టేపుల విషయంలో బీబీసీ అనుభవం కళ్లెదుటే ఉంది.

అభిమానుల బాధ్యతా తక్కువేమీ కాదు. తెరమీది సంగీతాన్ని, సంభాషణను, పేరును, నటుల ముఖాలను అనుమతి లేకుండా అమ్మకపు వస్తువుగా మార్చకూడదు. స్ఫూర్తి ఎక్కడిదో చెప్పుకోవడం మర్యాద. అన్నింటికీ మించి మూలానికి వెళ్లడం శ్రేయస్కరం. ఆ ధారావాహిక తీసినవారే రంగనాథ రామాయణం తలుపు తట్టారు. ఆ తలుపు మన వీధిలోనే ఉంది, దానికి తాళం లేదు, లోపలికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తెర చూసి మొదలైన వ్యాపకం ఆ గ్రంథం వరకు నడిస్తే, తయారైన బొమ్మపై హక్కు ఎవరిదన్న ప్రశ్నే తలెత్తదు.